తుడవకూడని అద్దం

ఉదయం ఎనిమిదింటికి ల్యాబ్‌లో అడుగుపెట్టగానే అద్దాల బాబాయి మూడుసార్లు చేతులు కడుక్కుంటాడు. మొదటిసారి బస్సు మురికికి, రెండోసారి సబ్బు జిడ్డుకి, మూడోసారి మనశ్శాంతికి. ఆ తర్వాత ఆపరేషన్‌కి వెళ్లే సర్జన్‌లా మోచేతులు పైకెత్తుకుని, గది మూలనున్న తన స్టూలు దగ్గరికి నడుస్తాడు. దారిలో తలుపు అడ్డొస్తే భుజంతో నెడతాడు.

ఆ మూలలో ఒక సింకు, మందపాటి ఇనుప పలక, నాలుగు సీసాల్లో నాలుగు రకాల గరుకు పొడి, ఒక ఫెల్టు ఉన్నిగుడ్డ ముక్క ఉంటాయి. పైన గోడకి ఆయన సొంత దస్తూరీలో ఒక కాగితం: "అద్దాన్ని అంచులు పట్టుకుని ఎత్తాలి. ఎవరి వేలిముద్ర పడితే వారు అందరికీ టీ పోయించాలి." దాని కిందే జాబితా. డైరెక్టరు నాలుగు, అందరూ గడ్డం అని పిలిచే కుర్రాడు తొమ్మిది, కెమెరా అమ్మాయి రెండు. చివర్న బాబాయి, సున్నా. రెండేళ్లుగా ఆ సున్నా చెక్కు చెదరలేదు. పైపెచ్చు, ముద్ర చూసి వేలు ఎవరిదో చెప్పేస్తాడు.

"ఇది డైరెక్టరు గారిది. వెడల్పుగా, మెత్తగా ఉంది. సంతకం తప్ప పని ఎరగని వేలు."

డైరెక్టరు అక్కడే ఉన్నా సరే, ఈ మాట అనడానికి ఆయన మొహమాటపడడు. పెద్దాయన కూడా నవ్వేసి టీ తెప్పిస్తాడు.

బాబాయి అసలు పని కళ్లజోళ్ల అద్దాలు నూరడం. వాళ్ల అన్నయ్య కొట్లో ముప్పై ఒక్క ఏళ్లు ఆ పని చేశాడు. ముతక పొడితో మొదలుపెట్టి, సన్న పొడికి వచ్చి, చివరికి ఫెల్టు మీద మెరుగుపెట్టి, గాజు ఉందో లేదో తెలియనంత నున్నగా చేసేవాడు. తర్వాత అద్దాలు ఫ్యాక్టరీల్లోంచి తయారై రావడం మొదలైంది. కొట్లో నూరడానికి ఏమీ మిగల్లేదు. అన్నయ్య ఫ్రేముల అమ్మకంలోకి దిగి, తమ్ముణ్ణీ కౌంటరు దగ్గర నిలబెట్టాడు. అది మూడు వారాలు నడిచింది. నాలుగో వారంలో ఒకాయన కొత్త ఫ్రేము పెట్టుకుని "ఎలా ఉందండీ" అంటే, "గుడ్లగూబకి జోడు పెట్టినట్టుంది" అన్నాడు బాబాయి. అబద్ధం చెప్పలేకపోయాడు. అన్నయ్య రెండు చేతులూ జోడించి, "నాయనా, నువ్వు ఇంట్లో కూర్చో" అన్నాడు.

ఆ ఫ్రేము పెట్టుకున్న మనిషి ఈ డైరెక్టరే. కొనకుండా వెళ్లినవాడు, నెల తర్వాత ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు.

"మాస్టారూ, అద్దాన్ని నున్నగా చేయడం మీకు వచ్చు. పాడుచేయడం వచ్చా?"

"పాడుచేయడానికి నేనెందుకు సార్, మా మేనల్లుడు చాలు."

"ఒక పద్ధతిగా పాడుచేయాలి. ఎంత కావాలో అంతే."

అలా వచ్చిపడ్డాడు ఈ ఉద్యోగంలోకి.

ఆ ల్యాబ్‌లో లెన్సు లేని కెమెరా చేస్తున్నారు. మామూలు కెమెరాలో లెన్సు, ఎదుట ఒక చోటి నుంచి వచ్చిన వెలుగును సెన్సరు మీద ఒక చోటికే చేరుస్తుంది. అందుకు లెన్సుకి మందం కావాలి, వెనక కొంత ఖాళీ జాగా కావాలి. ఇక్కడ లెన్సు బదులు గరుకు గాజు ముక్క ఒకటి సెన్సరుకి దగ్గరగా బిగిస్తారు. మొత్తం కలిపి రెండు నాణేల మందం. ఎదుటి వెలుగు ఆ గాజులో పడి చెల్లాచెదురై సెన్సరంతా పరుచుకుంటుంది. తెర మీద చూస్తే బొమ్మ ఉండదు, బురద ఉంటుంది. ఆ బురదలోంచి బొమ్మను కంప్యూటరు లెక్కలు తీస్తాయి.

ఎలా తీస్తాయో మొదటిరోజే కెమెరా అమ్మాయి ఆయనకు చెప్పింది. ఈ కెమెరా ఆలోచన ఆమెదే. చదువు మీద చదువు చదివిన మనిషి. మాట మాత్రం తేటగా ఉంటుంది.

"డాక్టరు రాసిన చీటీ మనకి కోడి గీసినట్టుంటుంది కదా బాబాయ్, మందుల షాపువాడు ఎలా చదువుతాడు?"

"ఆ డాక్టరు రాత వాడికి అలవాటు కనక."

"అంతే. ఒక్క చుక్క వెలుగు మీ గాజులోంచి పోతే ఎలా చెదురుతుందో ముందు చూపిస్తాం. అక్కడో చుక్క, ఇక్కడో చుక్క, అలా పదహారు వందల చోట్ల. దాంతో లెక్కకి గాజు రాత అలవాటవుతుంది. ఆ తర్వాత ఏం చూపించినా చదివేస్తుంది."

దాన్ని వాళ్లు చుక్క పరీక్ష అంటారు. మోటారు ఒక చిన్న దీపాన్ని పదహారు వందల చోట్లకి జరుపుతుంది. చోటుకి ఇరవై సెకన్లు. మొత్తం దగ్గర దగ్గర తొమ్మిది గంటలు. అంతసేపూ గాజు వెంట్రుక మందం కూడా కదలకూడదు. "కదపొద్దు" అనే మాట ఆ గదిలో రోజుకి ఇరవైసార్లయినా వినిపిస్తుంది.

మొదట్లో ఆయనకి చేతులాడలేదు. పూర్తిగా నున్నగా చేస్తే వెలుగు నేరుగా పోతుంది, పనికిరాదు. పూర్తి గరుకు చేస్తే చెదిరినది అతికించలేనంతగా చెదురుతుంది, అదీ పనికిరాదు. మధ్యలో ఎక్కడో ఆగాలి. అంటే ముప్పై ఏళ్లు "ఇంకా అవలేదు" అనుకున్న చోటే ఇప్పుడు "అయిపోయింది" అనుకోవాలి. ఆరు ప్లేట్లు పారేశాక ఏడోది కుదిరింది. పలక మీద గాజు తిరిగే చప్పుడు బొంగురు నుంచి గుసగుసకి మారిన క్షణంలో ఆపి, ఫెల్టు మీద సరిగ్గా నలభై తిప్పులు తిప్పాడు. దానితో తీసిన మొదటి బొమ్మలో అగ్గిపెట్టె మీది అక్షరాలు చదవడానికి వచ్చాయి.

ఏడో ప్లేటులో ఇంకో విశేషం కూడా ఉంది. చుక్క పరీక్ష చిత్రంలో ఒక మూల సన్నటి గీతలు వలయాలుగా కనిపించాయి. డైరెక్టరు వాటిని చూసి మురిసిపోయాడు.

"ఇంత సన్న వలయాలు ఎలా తెచ్చారు మాస్టారూ?"

బాబాయికి తెలియదు. కానీ తెలియదని చెప్పడానికి అది సమయంలా కనిపించలేదు. "పొడి సన్నబడితే వస్తాయి సార్. చెయ్యి తిరగాలి" అన్నాడు. అబద్ధం కాదులే అని తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. డైరెక్టరు ఆ మాటను నివేదికలో ఒక పేరాగా రాయించాడు: చేతితో నూరడం వల్ల ఏర్పడిన సన్నని వలయాలు కెమెరాకి మేలు చేస్తున్నాయి.

ఇదంతా అయిన మూడు వారాలకి, ఒక శుక్రవారం సాయంత్రం, బాబాయి ఏడో ప్లేటుని తుడిచాడు.

కెమెరా ఎప్పుడూ నల్ల డబ్బాలో ఉంటుంది. ఆ రోజు కేబులు మార్చడానికని మూత తీశారు. అందరూ ఇళ్లకి వెళ్లారు. కిటికీలోంచి ఏటవాలు ఎండ గాజు మీద పడి, మూలన ఒక జిడ్డు మచ్చ మెరిసింది. బాబాయి నాలుక చప్పరించాడు. కదపొద్దన్నారు గానీ తుడవొద్దని ఎవరూ అనలేదు. జేబులోని మెత్తటి గుడ్డ తీసి, క్లిప్పులకి గాలి కూడా తగలనంత ఒడుపుగా, ఒక్క ఊపులో తుడిచేశాడు. గాజు తళతళలాడింది. మూత పెట్టి, మంచి పని చేసిన మనిషిలా బస్సెక్కాడు.

సోమవారం పొద్దున కెమెరా అగ్గిపెట్టెని చూసి గంజి ముద్ద చూపించింది.

లెక్కలు రాసేది గడ్డం. ఆ గడ్డం వెనక ఒక మొహం ఉందని ల్యాబ్‌లో చాలామందికి నమ్మకం లేదు. అతను సోమవారమంతా తన అల్గారిదంలో తప్పు వెతికాడు. దొరకలేదు. అమ్మాయి సెన్సరు మార్చి చూసింది. అదే గంజి.

"బాబాయ్, ప్లేటు ఏమైనా కదిపారా?"

"అయ్యో, ముట్టుకోనైనా లేదమ్మా."

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆయన లెక్కలో ముట్టుకోవడమంటే వేలితో. గుడ్డతో తుడవడం సేవ కిందికి వస్తుంది.

తొందర ఎందుకంటే, గురువారం చెవి డాక్టరమ్మ వస్తోంది. పిల్లల చెవుల్లోకి చూడటానికి సన్నటి కెమెరా కావాలని ఆవిడ ఏడాదిగా అడుగుతోంది. రబ్బరుతో చేసిన చెవి కూడా సిద్ధంగా ఉంది. చూపించడానికి కెమెరానే లేదు.

మంగళవారం సాయంత్రం అమ్మాయి ఒక్కటంటే ఒక్క చుక్క వెలిగించి, దాని చిత్రాన్ని పాతదాని పక్కన పెద్ద తెర మీద పెట్టింది. డైరెక్టరు, గడ్డం, బాబాయి వెనక నిలబడ్డారు. రెండూ ఒకేలా ఉన్నాయి, ఆ మూల తప్ప. పాతదాంట్లో సన్న వలయాలున్నాయి. కొత్తదాంట్లో లేవు.

"గీతలు పోయాయి" అంది అమ్మాయి.

"పోవడమేంటి, గాజు మీద గీతలు" అన్నాడు గడ్డం.

డైరెక్టరు చాలాసేపు చూసి కళ్లజోడు తీశాడు. "అరిగిపోయినట్టున్నాయి. అంత సన్నవి నిలవవేమో. మాస్టారూ, మీ పనికి వంక పెట్టడం కాదు. కానీ మూడు వారాల్లో మారిపోయే ప్లేటుని ఆసుపత్రికి ఎలా ఇస్తాం? మిషను మీద అచ్చు పోసిన ప్లేట్లు తెప్పిద్దాం. డాక్టరు గారిని రెండు నెలలు ఆగమందాం. మీ నూరే మూల ఖాళీ చేస్తే పక్క గదివాళ్లకి ఇవ్వొచ్చు, ఎప్పట్నుంచో అడుగుతున్నారు."

బాబాయి తెర దగ్గరికి జరిగాడు. తెర మీద గోడంత పెద్దదైన ఆ వలయాల్నే చూస్తున్నాడు. వాటికి అడ్డంగా, ఏటవాలుగా, ఒక సన్నటి ఖాళీ గీత పోతోంది. తన పందొమ్మిదో ఏట గాజు పెంకు కోసుకుని నాలుగు కుట్లు పడిన గీత. ఇలాంటి ముద్రలు చూసే ఆయన రెండేళ్లుగా జనం చేత టీలు పోయించాడు. ఎడమ బొటనవేలిని మెల్లగా పిడికిట్లో దాచుకున్నాడు.

ప్లేటు బిగించిన రోజు గుర్తుకొచ్చింది. చివరి మర బిగిస్తుండగా ప్లేటు జారబోతే, ఒక్క క్షణం బొటనవేలు ఆన్చాడు. ఒకే ఒక్క క్షణం.

ఇంట్లో ఆయన భార్య బట్టలు సైజు సరిచేసి కుట్టే పని చేస్తుంది. ముందుగదిలో నిలువుటద్దం ఉంటుంది. రోజూ రాగానే దాన్ని తుడవడం ఆయన మొదటి పని. ఆ రోజు తుడవకుండా కుర్చీలో కూలబడ్డాడు.

"ఏమైందండీ, ఒంట్లో బాగాలేదా? అద్దం వంకే చూడలేదు."

చెప్పాడు. అంతా చెప్పాడు. చీర అంచుకి పిన్నులు పెడుతున్న ఆవిడ, పళ్ల మధ్య పిన్నులతోనే విన్నది. ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసి, అప్పుడు నోరు విప్పింది.

"ఈ అద్దాన్ని చూసినంతసేపు నన్ను చూసి ఉంటే నా జన్మ ధన్యమయ్యేది. సరే. ఇప్పుడు బాధ దేనికి? ముద్ర వేసినందుకా, తుడిచినందుకా?"

"చెప్పకపోతే ప్లేటు పోతుంది. చెప్తే..."

"చెప్తే?"

"గడ్డం నవ్వుతాడు."

"నవ్వనివ్వండి. గడ్డమున్నా పళ్లు కనిపిస్తాయో లేదో తేలిపోతుంది." ఆవిడ పిన్నుల డబ్బా మూసింది. "గోడ మీద ఆ కాగితం రాసింది ఎవరు?"

"నేనే."

"మరి చదువుకోండి."

బుధవారం ఏడున్నరకే ల్యాబ్ చేరాడు. చేతులు ఒక్కసారే కడుక్కున్నాడు. అమ్మాయి, గడ్డం వచ్చేసరికి నిలబడే ఉన్నాడు. డైరెక్టరు వచ్చేదాకా ఆగమని, ముగ్గురూ చేరాక ఎడమ బొటనవేలు తెర ముందు పెట్టాడు.

"అవి నూరిన గీతలు కావు సార్. ఇది. బిగించేటప్పుడు ఆన్చాను. శుక్రవారం మచ్చ కనిపిస్తే తుడిచాను. అది నాదని అప్పుడు తెలియదు."

అమ్మాయి ఆయన చెయ్యి పట్టుకుని తెరకి దగ్గరగా తీసుకెళ్లింది. వలయం, దాన్ని కోస్తూ పాత కుట్ల గీత. వేలిని, తెరని, మళ్లీ వేలిని చూసింది. "ముద్ర ఉండగా చుక్క పరీక్ష చేశాం. లెక్క ఆ ముద్రని కూడా గాజు రాతే అనుకుంది. మీరు తుడిచేశారు. లెక్క ఇంకా దాని కోసమే వెతుక్కుంటోంది. రెండు రోజులు పోయాయి బాబాయ్. నేను సెన్సరు కూడా మార్చాను."

"అడిగావు కదమ్మా, కదిపారా అని. తుడిచారా అని అడగలేదు."

గడ్డానికి పళ్లున్నాయని అప్పుడు తేలింది. "మళ్లీ వేలు పెట్టండి బాబాయ్, బాగైపోతుంది" అంటూ పొట్ట పట్టుకున్నాడు.

డైరెక్టరు మాత్రం నవ్వలేదు. "చెయ్యి తిరగాలి అన్నారు మాస్టారూ."

"అన్నాను సార్."

"నివేదికలో రాశాం."

"కొట్టేయండి సార్. నాకు తెలియదని ఆ రోజే అనాల్సింది."

డైరెక్టరు మళ్లీ తెర వైపు తిరిగాడు. "గీతలు అరగలేదు. అంటే ప్లేటు మారలేదన్నమాట."

"గాజు ఎక్కడికీ పోదు సార్. జిడ్డే పోయింది."

"ఇప్పుడు మళ్లీ చుక్క పరీక్ష మొదలుపెడితే సాయంత్రానికి అవుతుంది" అంది అమ్మాయి, అప్పుడే దీపం వైపు నడుస్తూ. "మొదలయ్యాక ఎవరూ తుడవకండి. డబ్బా మీద పెద్దక్షరాలతో రాస్తాను."

"రాయకమ్మా" అన్నాడు బాబాయి.

ముగ్గురూ తిరిగి చూశారు.

"ముప్పై ఒక్క ఏళ్లు చూశాను. అద్దం కనిపిస్తే మనిషి తుడుస్తాడు. గుడ్డ ఇచ్చి పంపినా చొక్కా అంచుతోనే తుడుస్తాడు. తుడవొద్దని రాస్తే, రాసినదాని మీద దుమ్ము పడిందని అదీ తుడుస్తాడు. పైగా ఇది చెవిలోకి పోయేది. చెవిలో గులిమి ఉండదూ? నాకు అరగంట ఇవ్వు. పైన పల్చటి మామూలు గాజు ఒకటి మూతలా అతికిస్తాను. గరుకు గాజు లోపల ఉండిపోతుంది. పరీక్ష ఆ మూతతో కలిపి చెయ్యి, శుభ్రంగా ఉండగా. ఆ తర్వాత మూతని వాళ్లిష్టం వచ్చినట్టు తుడుచుకోనీ. తుడిచినప్పుడల్లా పరీక్ష నాటి స్థితికే వస్తుంది."

అమ్మాయి గడ్డం వంక చూసింది. గడ్డం నవ్వు ఆపి, కొంచెం ఆలోచించి తలూపాడు. "మూత వల్ల లెక్కకి ఇబ్బందేం లేదు. ముందే ఎందుకు పెట్టలేదు మనం?"

"మనమెవరం ఎప్పుడూ కళ్లజోడు తుడుచుకోం కాబట్టి" అన్నాడు డైరెక్టరు, తన జోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ.

బాబాయి గాజు కోశాడు, అంచులు నూరాడు, కడిగాడు, రెండు వేళ్లకీ రబ్బరు తొడుగులు వేసుకుని అతికించాడు. తర్వాత ఏటవాలుగా టార్చి వేసి నాలుగు మూలలూ అమ్మాయికి చూపించాడు. ఆమె అడగకుండానే. తొమ్మిదింపావుకి మొదటి చుక్క వెలిగింది. మధ్యాహ్నం ఆయన కిందికి దిగి, పక్క గదివాళ్లతో సహా పదకొండు టీలు చెప్పి వచ్చాడు. మోసుకొచ్చింది గడ్డం. వస్తూనే పెన్సిలు తీసి గోడ మీది జాబితాలో సున్నాని కొట్టేశాడు.

సాయంత్రం ఆరుంబావుకి అగ్గిపెట్టె మీది అక్షరాలు తిరిగి వచ్చాయి.

గురువారం డాక్టరమ్మ రబ్బరు చెవిని పక్కకి నెట్టింది. కెమెరాని చేతిలోకి తీసుకుని తిప్పి చూసి, నేరుగా అద్దం మీదే బొటనవేలు ఆన్చింది. బాబాయి జేబులోని గుడ్డ దాకా చెయ్యి పోనిచ్చి, వెనక్కి తీసుకున్నాడు.

"దీనికి గులిమి అంటుకుంటే?" అంది ఆవిడ.

"తుడిచేయడమే" అంది అమ్మాయి.

"దేంతో?"

"మీ చొక్కా అంచుతో" అన్నాడు డైరెక్టరు. డాక్టరమ్మ నిజంగానే తెల్లకోటు అంచుతో తుడిచింది. గడ్డం కెమెరాని ఆ చెవిలోకి దించి బటను నొక్కాడు. రబ్బరు చెవి అడుగున పెట్టిన గుండుసూది తల తెర మీద గుండ్రంగా కనిపించింది. ఆవిడ ఆరు కెమెరాలు అడిగింది. ఆరింటికి ఆరు ప్లేట్లు కావాలి. పక్క గదివాళ్లకి వేరే మూల వెతుక్కోమని చెప్పారు.

ఒక్క పని మిగిలింది. నివేదికలో ఆ పేరా కొట్టేసేముందు, వలయాల వల్ల నిజంగా మేలు జరిగిందో లేదో తేల్చమన్నాడు డైరెక్టరు. ముద్ర ఉన్నప్పటి బొమ్మలు, లేనప్పటి బొమ్మలు రెండూ ఉన్నాయి కాబట్టి గడ్డం పోల్చి చూశాడు. బాబాయి పలక మీద ఎనిమిదో ప్లేటు తిప్పుతూనే చెవి అటు వేశాడు. లోపల ఎక్కడో కొంచెం ఆశ ఉన్న మాట నిజం.

బొటనవేలితో, బొమ్మలో నూటికి ఎనిమిది పాయింట్ ఒకటి తప్పు. బొటనవేలు లేకుండా, ఎనిమిది.